రెండున్నర లైన్లు

శుక్రవారం సాయంత్రం నాలుగూ నలభైకి
తపాలా పుస్తకంలో సంతకం పెట్టి తీసుకున్నాను.
కవరు పల్చగా ఉంది.
పందొమ్మిదేళ్లు గుమస్తాగిరీ చేసిన వేళ్లకి తెలుసు,
పల్చటి కవర్లే బరువు.

మేడం చదివి, కళ్లద్దాలు తుడిచి, మళ్లీ చదివారు.
మొత్తం రెండున్నర లైన్లు.
'ప్రజా ప్రయోజనాల దృష్ట్యా' అని మొదలు,
'తక్షణం' అని ముగింపు.
అద్దెకున్నవాణ్ని ఖాళీ చేయించాలన్నా
ముందు నోటీసిచ్చి, కారణం చెప్పాలి.
"పబ్లిక్ ప్రాసిక్యూటర్ని పబ్లిక్ కోసమే తీసేశారటోయ్ కోటిలింగం!"
అని నవ్వారు.
నాకు నవ్వు రాలేదు.

సోమవారం ఆఖరి సాక్షి.
ఏటుకూరు రోడ్డులో కూలిన కోల్డ్ స్టోరేజీ కేసు.
నాలుగో ఛాంబరు గోడ, నలుగురు ముఠా కూలీలు,
ఎనిమిది వందల టిక్కీల కింద.
మిర్చికి బీమా వచ్చింది.
మనుషులకి నంబరు వచ్చింది.

యజమానిగా కాగితాల్లో ఒక పేరు,
ఊరి నోట్లో ఇంకో పేరు.
మేడం చేసిన తప్పల్లా
ఊరి నోట్లోది కాగితం మీదకి తేవాలని
పిటిషన్ వెయ్యడం.

ఆ వారమే ఫోను మోగింది,
బ్రాడీపేట ఆఫీసులో, నేను టీ పోస్తుండగా.
అవతలి గొంతు మర్యాదగానే ఉంది,
నాక్కూడా వినపడేంత మర్యాద.
"కాస్త చూసి వెళ్లండమ్మా, అన్నగారు చెప్పమన్నారు."
"చూసే వెళ్తున్నానండీ.
గోడ చూశాను, శవపంచనామాలు చూశాను,
ఇక చూడాల్సింది అన్నగార్నే."
ఫోను పెట్టేశాక
టీలో చక్కెర ఎక్కువైందన్నారు.

సోమవారం పదింటికే వచ్చింది మస్తాన్‌బీ,
ఆనందపేట నుంచి షేర్ ఆటోలో, ఒక రోజు కూలీ పోగొట్టుకుని.
పోయిన నలుగురిలో రెండోవాడు ఆమె పెద్దకొడుకు.
తొడిమలు తీసీ తీసీ వేళ్ల తోలు ఊడి
స్టేషన్లో మూడుసార్లు వేయించినా ముద్ర పడలేదట.
బెయిలు వాదనలో అవతలి వకీలు
"గీతల్లేని సాక్షి" అని వెక్కిరిస్తే
మేడం లేచి,
"ఆ గీతల్ని మీ క్లయింటు మిర్చి తినేసిందండీ" అన్నారు.

మెట్ల మీద నన్ను పట్టుకుని అడిగింది:
"మన లాయరమ్మ ఏదయ్యా?"

కొత్తాయన లోపలున్నారు.
కోటు మడతలింకా విడలేదు, ఫైలు ముడీ విడలేదు.
మంచివాడే అయ్యుండొచ్చు, నేనేమీ అనను.
బంట్రోతు సాక్షిని పిలిచాడు,
రివాజు ప్రకారం మూడుసార్లు.
మూడుసార్లూ ఆమె "ఉన్నానయ్యా" అంది.
కొత్తాయన టైము కావాలన్నారు.
జడ్జిగారు ఆయన్ని చూశారు, క్యాలెండరు చూశారు,
తిరగని ఫ్యాను చూశారు,
వేసవి సెలవుల అవతలికి వేశారు.
మూడో బెంచీలోంచి తెల్లచొక్కా ఒకటి లేచి
ఫోను చెవికి ఆనించుకుని బయటికి నడిచింది.
"నువ్వొచ్చినట్టు రాసుకున్నాంలే, వెళ్లు"
అన్నాడు బంట్రోతు మస్తాన్‌బీతో.
ఆమె వెంటనే వెళ్లలేదు.
రాసింది చూపించమంది.

సాయంత్రం కట్ట అప్పజెప్పాలి.
లెక్కపెట్టాను, మూడొందల పన్నెండు కాగితాలు.
మార్జిన్లలో పెన్సిలుతో మేడం చేతిరాత,
మస్తాన్‌బీని అడగాల్సిన పదిహేడు ప్రశ్నలు.
పదకొండోది రెండుసార్లు గీత కొట్టి ఉంది:
'గోడ బీటలిచ్చిందని మీవాడు ముందే ఎవరికి చెప్పాడు?'
అది రికార్డు కాదు, జాబితాలో లేదు,
శుభ్రంగా తుడిచివ్వమని ఎవరో సలహా ఇచ్చారు.

సొరుగంతా వెతికి
రబ్బరు దొరకలేదని చెప్పాను.

చొక్కా జేబులో ఉంది.
కోర్టు ఆవరణలో నేనాడిన మొదటి అబద్ధం ఇదేనని అనను.
బోనెక్కించి, ప్రమాణం చేయించి అడిగినా
ఇదొక్కటి మాత్రం మళ్లీ ఆడతాను.